కాచిగూడ గుమ్మటాల కింద మన చరిత్ర

పిల్లలూ, హైటెక్ సిటీలో ఉద్యోగాలు చేసే మీలో చాలామంది ఎంఎంటీఎస్ రైలెక్కి వెళ్తారు. సైబర్ టవర్స్ 1998లో వచ్చింది. ఎంఎంటీఎస్ 2003లో మొదలైంది. కానీ ఆ రైలు నడిచే దారి 1874 నాటిది. వాడి నుంచి సికింద్రాబాద్ వరకు నిజాం ఖజానా సొమ్ముతో వేసిన లైను అది.

ఆ నిజాం రైల్వే కట్టించిన భవనాల్లో కాచిగూడ స్టేషన్ ఒకటి. 1916లో, ఏడవ నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో కట్టారు. మధ్యలో పెద్ద గుమ్మటం, పక్కల చిన్న గుమ్మటాలు, మినార్లు. పరదా పాటించే ఆడవాళ్లకు ప్రత్యేక ఏర్పాట్లు ఉండేవి. రైల్వే ప్రధాన కార్యాలయంగా కూడా ఇది పనిచేసింది. ఈరోజు ఇక్కడ రైళ్లు ఆగుతూనే ఉన్నాయి, నిజాం రైల్వే చరిత్ర చెప్పే మ్యూజియం కూడా ఉంది. ప్రయాణం కోసం కట్టిన చోటు ఇప్పుడు చదువు కూడా చెబుతోంది. సికింద్రాబాద్ స్టేషన్ పాత భవనాన్ని మాత్రం 2025లో కొత్త నిర్మాణం కోసం కూల్చేశారు. అందుకే నిలిచి ఉన్న దాన్ని మనం వెళ్లి చూడాలి.

చూసేటప్పుడు ఒక ప్రశ్న వేసుకోండి: రైలు రాకముందు ఈ దక్కన్‌లో సరుకు ఎవరు మోశారు? మన బంజారాలు. వందల ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని ఊళ్లు, రాజ్యాలు దాటారు. దాన్నే మనం లదేణీ అంటాం. రోడ్లు, రైళ్లు వచ్చాక ఆ వ్యాపారం పడిపోయింది. తిరిగే తండాలు ఒకచోట నిలిచి వ్యవసాయానికి, కూలికి మళ్లాయి. అటు కోయల నేల ఇల్లందులో బొగ్గు బయటపడ్డాక రైలు అక్కడికీ వెళ్లింది. అంటే రైలు చరిత్రలో గిరిజనులు ఉన్నారు. ఆ భాగం రాయాల్సింది మనమే.

లదేణీ మాటలు, ఎద్దుల పేర్లు, దారుల గుర్తులు ఇంకా కొందరు పెద్దవాళ్ల నోట ఉన్నాయి. వాటికి గుమ్మటాలు లేవు, కాపలా లేదు. ఈ సెలవుల్లో కాచిగూడ చూసి రండి. తర్వాత తండాకు వెళ్లి, మీ తాతనో నానమ్మనో అడిగి, వాళ్ల మాటల్లోనే ఒక నోటుబుక్కులో రాయండి. ఫోనులో గొంతు కూడా రికార్డు చేయండి. ఇంజన్ల కథను ఒక భవనం కాపాడుతోంది. ఎద్దుల కథను కాపాడాల్సింది మీరే.