డిస్టెంపర్ అంటే గోడలకి వేసే రంగనుకున్నాను

మస్కట్‌లో డాక్టరు ఆ మాట అనగానే నాకు సంక్రాంతి ముందు తాతగారింట్లో గోడలకి వేసే లేత నీలం రంగు గుర్తొచ్చింది. అప్పటికి నేను చేతిలో పట్టుకున్న కుక్కపిల్ల కళ్ళలోంచీ ముక్కులోంచీ పచ్చటి పుసి కారుతోంది. డాక్టరు పుల్లకి దూది చుట్టి కంటి మూల తడి తీసి, చిన్న కిట్ మీద వేసి, పది నిమిషాలాగి చూపించింది. రెండు గీతలు. "డిస్టెంపర్. మందు లేదు. ఆసరా ఇవ్వగలం, అంతే" అంది.

2021 అక్టోబర్ 3న షాహీన్ తుఫాను ఒమాన్ బాతినా తీరాన్ని కొట్టింది. ఆ వారమే ఎవరో ఒక వాదిలో దీన్ని చూశారు. వాది అంటే ఎండిపోయిన ఏరు. ఏడాదిలో ఎక్కువ భాగం రాళ్ళే ఉంటాయి, వాన పడితే కార్లని కూడా మోసుకుపోతుంది. ఇక్కడి ఊరకుక్కల్ని అందరూ వాది డాగ్స్ అంటారు. చూస్తే అచ్చం మన వీధి కుక్కలే: పొడుగు కాళ్ళు, నిలబడ్డ చెవులు, ఇసుక రంగు. ఇది మాత్రం ముదురు గోధుమ. అందుకని మా ఆవిడ ఖర్జూరం అని పేరు పెట్టింది. రెండ్రోజుల్లో అది కజ్జి అయిపోయింది.

మేం దాన్ని తెచ్చుకున్నది వాదిలోంచి కాదు, షెల్టర్‌లోంచి. ఊరి బయట కొండ పక్కన వలలు కట్టిన గదులు, ఒక్కో గదిలో ఏడెనిమిది కుక్కలు, సాయంత్రాలు ఆఫీసులు అయ్యాక వచ్చి పళ్ళాలు కడిగే వలంటీర్లు. ఎవరికీ జీతం లేదు. అక్కడ పనిచేసే ఒమానీ అమ్మాయి మా చేతిలో కజ్జిని పెట్టి ఒక్కటే అంది: "దీనికి జలుబు మొదలైంది. ఇక్కడే ఉంటే బతకదు."

కుక్కల్ని బతికించడానికి కట్టిన చోట ఉంటే బతకదట! ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. రాత్రి రెండింటికి లేచి సిరంజితో నీళ్ళు పట్టేవాణ్ణి. మళ్ళీ నిద్ర పట్టేది కాదు, ఫోన్లో చదువుతూ కూర్చునేవాణ్ణి. ఈ వ్యాసంలో సగం ఆ రాత్రుల పుణ్యమే.

ఇప్పుడు మనం చూస్తున్న తరహా షెల్టర్లకి అమ్మమ్మ లాంటిది లండన్‌లో 1860లో మొదలైంది. మేరీ టీల్బీ అనే ఆవిడ, అప్పటికి అరవైకి దగ్గరపడింది, భర్త నుంచి విడిగా ఉంటోంది. ఆవిడ స్నేహితురాలికి ఆకలితో పడిపోయిన కుక్క ఒకటి వీధిలో కనబడిందనీ, ఇద్దరూ వంటింట్లో పెట్టి సాకారనీ, అది చచ్చిపోయిందనీ చెబుతారు. ఆ తర్వాతే టీల్బీ హాలోవేలో ఒక గుర్రాలశాల తీసుకుని "తప్పిపోయిన, ఆకలితో ఉన్న కుక్కల తాత్కాలిక గృహం" అని బోర్డు పెట్టింది. టైమ్స్ పత్రిక వెటకారం చేసింది. మనుషులే ఆకలితో చస్తుంటే కుక్కలకి ఇల్లా అని. (ఈ ప్రశ్నకి వయసు మీద పడదు. మా అమ్మ వాట్సాప్‌లో నన్ను అడిగిందీ ఇదే.) 1862లో డికెన్స్ నడిపే పత్రికలో ఒక వ్యాసం వచ్చింది. ఒకే పేటలో ఒకవైపు బహుమతుల కోసం దువ్వి నిలబెట్టిన జాతి కుక్కల ప్రదర్శన, ఇంకోవైపు టీల్బీ గారి బక్క కుక్కలు. దాంతో జనం కాస్త మెత్తబడ్డారు. టీల్బీ 1865లో పోయింది. 1871లో ఆ ఇల్లు బ్యాటర్సీకి మారింది, ఇప్పటికీ అక్కడే ఉంది.

ఇక్కడివరకూ చదివి ఆపేస్తే బాగుండేది. 1867లో ఒక చట్టం వచ్చి, వీధుల్లో తిరిగే కుక్కల్ని పట్టే పని పోలీసులకి అప్పగించింది. పట్టినవాటిని ఎక్కడ పెట్టాలి? ఆ గృహంలోనే. ప్రేమతో తెచ్చినవాటికి సరిపోయే చోటికి పోలీసు బళ్ళు రావడం మొదలైంది. కొన్ని రోజులు చూస్తారు, ఎవరూ రాకపోతే చంపేస్తారు. 1884లో బెంజమిన్ వార్డ్ రిచర్డ్‌సన్ అనే వైద్యుడు నొప్పి తెలియకుండా చంపే గది ఒకటి కట్టించి ఇచ్చాడు. చచ్చిపోయిన ఒక కుక్క మీద జాలితో మొదలైన ఇంట్లో పాతికేళ్ళు తిరక్కుండానే ఆ గది వచ్చింది. వాళ్ళు చెడ్డవాళ్ళు కాదు. రోజూ వచ్చేవి ఎక్కువ, వెళ్ళేవి తక్కువ. లెక్క అంతే. ఆ లెక్కలో ముందు పోయేవి రోగంతో ఉన్నవే.

రోగం సంగతికొస్తే, డిస్టెంపర్ని 1809లోనే ఎడ్వర్డ్ జెన్నర్ వర్ణించాడు. అవును, మశూచి టీకా జెన్నరే. 1905లో ఫ్రాన్స్‌లో ఆంరీ కారె ఇది బాక్టీరియా కాదు, బాక్టీరియాని ఆపే వడపోతల్లోంచి కూడా జారిపోయే ఇంకేదో అన్నాడు. ఇరవై ఏళ్ళు ఆయన్ని ఎక్కువమంది నమ్మలేదు. చివరికి కదిలించింది ఎవరనుకున్నారు? ఇంగ్లండ్‌లో నక్కల వేటకి కుక్కల్ని పెంచే జమీందార్లు. వాళ్ళ కుక్కలు గుంపులుగా చస్తుంటే ది ఫీల్డ్ అనే వేట పత్రిక 1920ల మొదట్లో చందాలు పోగు చేసింది. ఆ డబ్బుతో మిల్‌హిల్‌లో ప్యాట్రిక్ లైడ్లా, జార్జ్ డంకిన్ పని చేసి కారె చెప్పింది నిజమేనని తేల్చారు, ఆ దశాబ్దం చివరికి టీకా తెచ్చారు. వాళ్ళు ప్రయోగాలకి వాడింది ఫెరెట్లని. ముంగిసని తలపించే జంతువు, దానికీ డిస్టెంపర్ సోకుతుంది. 1933లో అదే చోట, ఆ ఫెరెట్ల ముక్కులోనే ఫ్లూ రోగుల గొంతు కడిగిన నీళ్ళు వేసి చూస్తే మనుషుల ఫ్లూ వైరస్ మొదటిసారి చేతికి దొరికింది. మాస్కు పెట్టుకుని బతుకుతున్న 2021లో ఇది చదవడం నాకు వింతగా అనిపించింది. కుక్కల రోగానికి మనిషి ఇంత బాకీ పడ్డాడని ఎక్కడా చదువుకోలేదు.

టీకా ఉంది కదా, మరి కజ్జికి ఎందుకొచ్చింది? షెల్టర్లో చేరిన రోజే వేశారు. కానీ వైరస్ ఒంట్లోకి దూరాక బయటపడడానికి వారం నుంచి కొన్ని వారాలు పడుతుంది. పైకి ఆడుకుంటూ కనబడే పిల్ల పక్కనున్న ఏడింటికీ దగ్గుతో పంచుతూనే ఉంటుంది. కొత్తగా వచ్చిన ప్రతిదాన్నీ విడి గదిలో పెట్టాలి. ఆ విడి గదే ఎక్కడా ఉండదు. వర్షం పడిన వారంలో నలభై పిల్లలు వస్తే విడి గది అన్న మాటకి అర్థం లేదు. 1978లో ప్రపంచమంతా ఒక్కసారిగా బయటపడ్డ పార్వో వైరస్ ఇంకా మొండిది, నేలలో నెలల తరబడి చావదు. కుక్కల్ని ఒకచోట చేర్చడమంటే రోగాల్ని ఒకచోట చేర్చడం కూడా.

మన దగ్గర కథ ఇంకోలా నడిచింది. 1832లో బొంబాయిలో కంపెనీవాళ్ళు వీధి కుక్కల్ని చంపిస్తుంటే పార్సీలు తిరగబడ్డారు, ఊరు రెండ్రోజులు స్తంభించింది. మద్రాసులో బ్లూ క్రాస్ వాళ్ళు, కెప్టెన్ సుందరం కుటుంబం, చంపొద్దు, ఆపరేషన్ చేసి వదలండి అని అరవైల నుంచీ అడుగుతూ వచ్చారు. కార్పొరేషన్ ఒప్పుకుంది 1996లో. హైదరాబాదులో 1992లో అమల అక్కినేని బ్లూ క్రాస్ పెట్టారు, విశాఖలో 1996లో వి.ఎస్.పి.సి.ఎ. వచ్చింది. 2001లో దేశానికంతా నిబంధనలు వచ్చాయి: పట్టు, ఆపరేషన్ చెయ్యి, రేబిస్ టీకా వెయ్యి, ఎక్కడ పట్టావో అక్కడే వదులు. నా చిన్నప్పుడు పంచాయతీవాళ్ళు పకోడీలో మందు పెట్టడం చూసినవాణ్ణి, ఆ నిబంధన విలువ నాకు తెలుసు. పోయినేడు, 2025 ఆగస్టు 11న, ఢిల్లీ కుక్కలన్నిటినీ షెల్టర్లలో పెట్టమని సుప్రీంకోర్టు అన్నప్పుడు మా ఆఫీసులో తెలుగువాళ్ళంతా "హమ్మయ్య" అన్నారు. కరిచిన కుక్కకి బలైన పిల్లల కుటుంబాల బాధ అబద్ధం కాదు. కానీ నాకు మాత్రం ఆ వలగదులే కనబడ్డాయి. ఆగస్టు 22న కోర్టు దాన్ని సవరించింది, పిచ్చిపట్టినవీ కరిచేవీ తప్ప మిగతావాటిని టీకా వేసి వదలమంది.

ఒమాన్‌లో కుక్క ఇంట్లోకి రావడం సులువు కాదు. దాని లాలాజలం తగిలితే నమాజుకి ముందు కడుక్కోవాలి. అయినా నా పక్క సీటు సహోద్యోగి కజ్జి ఫోటో చూసి, ఖురాన్‌లో గుహలో నిద్రపోయినవాళ్ళ కథ చెప్పాడు. గుమ్మంలో కాళ్ళు చాపుకుని వాళ్ళతో పాటే కుక్క కూడా పడుకుని ఉందట. నేను ధర్మరాజు వెంట స్వర్గం వాకిలి దాకా వెళ్ళిన కుక్క కథ చెప్పాను. "రెండు చోట్లా బయటే ఉంది చూశావా" అని నవ్వాడు. 2017లో జంతు సంక్షేమ చట్టం వచ్చిందని కూడా ఆయనే చెప్పాడు.

కజ్జి కోలుకుంది. నవంబరు రెండో వారానికి దగ్గు పోయింది, చెప్పులు కొరకడం మొదలెట్టింది. జర్మనీలో ఒక కుటుంబం తీసుకుంటామంది. అక్కడికి పంపాలంటే రేబిస్ టీకా పడి నెల దాటాక రక్తం తీసి, యాంటీబాడీలు ఉన్నాయని చూపించి, ఇంకో మూడు నెలలు ఆగాలి. రక్తం తీయించాం. మా ఆవిడ దానికి స్వెట్టరు కూడా కొంది. నేను డాక్టర్ని "ఇక ఫర్వాలేదా" అని అడిగితే ఆవిడ సరిగ్గా జవాబు చెప్పలేదు. ఇప్పుడు అర్థమవుతోంది. ఈ వైరస్ ఊపిరితిత్తుల్ని వదిలి నెమ్మదిగా మెదడుకి చేరుతుంది.

డిసెంబరు మధ్యలో ఒక పొద్దున అది ఏమీ లేకుండానే నమలడం మొదలెట్టింది. చూయింగ్ గమ్ నములుతున్నట్టు దవడ ఆడుతోంది, నోట్లోంచి నురగ. మేం నవ్వాం కూడా, ఏం దొంగిలించి తింటోందో అని. అది మొదటి ఫిట్. పది రోజుల్లో రోజుకి ఎనిమిది, తొమ్మిది. మధ్యలో లేచినప్పుడు మమ్మల్ని గుర్తుపట్టేది కాదు, గోడ మూలలో తల ఆనించి నిలబడేది. తెలుగు పేపర్లు కారుణ్య మరణం అంటాయి, ఇక్కడ అందరూ నిద్రపుచ్చడం అంటారు. నాకు రెండూ నచ్చవు. డిసెంబరు 30న సంతకం పెట్టింది నేను. రెండో సూది వేసే ముందు డాక్టరు "మీరు బయటికెళ్ళొచ్చు" అంది. వెళ్ళలేదు. రిచర్డ్‌సన్ గదిలో ఎవరూ పక్కన నిలబడలేదు కదా అని ఆ క్షణంలో ఎందుకో అనిపించింది.

జీతం పడ్డ రోజు రియాళ్ళలో బిల్లు చూసి అమ్మతో చెప్పలేదు. షెల్టర్ అమ్మాయికి మెసేజ్ పెడితే, అదే గదిలోంచి వెళ్ళినవాటిలో ఇంకో మూడు పోయాయని చెప్పింది. ఏడవడానికి ఖాళీ లేదని, సాయంత్రం కొత్తవి వచ్చాయని కూడా చెప్పింది.

జనవరిలో ల్యాబ్ నుంచి ఈమెయిల్ వచ్చింది. ఖర్జూరం, ఆడ, వాది డాగ్, ముదురు గోధుమ. రేబిస్ యాంటీబాడీలు కావలసినదానికంటే ఎక్కువే ఉన్నాయి. ప్రయాణానికి అర్హురాలు.