పాటకు దోషం చెప్పడం: సంగీతరత్నాకరం నుండి తాళ్లపాక లక్షణం వరకు

కొత్తగా పదరచనకు పూనుకొన్నవానికి అతని పాటలో లోపం చూపడం పద్యంలో లోపం చూపడం కంటె కష్టం. పద్యంలో గణం తప్పితే ఆ తావును వేలుపెట్టి చూపవచ్చు. పాటలో ఆ లోపం మాటదో, వరుసదో, రెండింటి పొందికదో ముందుగా తేలాలి. ఇందుకు కావలసిన పరిభాష 13వ శతాబ్దికే సిద్ధమై ఉంది. దేవగిరి యాదవరాజు సింఘణుని ఆశ్రయంలో శార్ఙ్గదేవుడు రచించిన సంగీతరత్నాకరం పాటలోని వాక్కును మాతువనీ, గేయాంశాన్ని ధాతువనీ వ్యవహరించింది. ఈ గ్రంథానికి సుధాకర వ్యాఖ్య రచించిన సింహభూపాలుని రాచకొండ నేలిన రేచర్ల సింగభూపాలునిగా తెలుగు పరిశోధకులు సాధారణంగా గుర్తిస్తారు. కనుక ఈ పరిభాష తెలుగునేలకు పరాయిది కాదు.

శార్ఙ్గదేవుని తారతమ్య నిర్ణయం సాహిత్య విద్యార్థిని కొంత కలవరపెడుతుంది. ధాతువులో మిన్నయై మాతువులో మందుడైనవాడు మధ్యముడు. రమ్యమైన మాతువు కూర్చినా ధాతువులో మందుడైనవాడు అధముడు. అయితే ఈ విభాగాన్ని కేవలం బిరుదుల పంపకంగా చూడడం సరికాదు. మధ్యముడనిపించుకొన్న రచయితకు తాను సాధన చేయవలసింది ఎక్కడో ఆ నిర్ణయమే తెలుపుతున్నది. ప్రబంధాధ్యాయం చివర చెప్పిన పది గీతదోషాలూ ఇలాంటివే. పునరుక్తం, గ్రామ్యం, సందిగ్ధం, అపార్థకం వంటివి దిద్దుకోవడానికి వీలైన దోషాలు. బాగాలేదన్న మాటతో ఏ రచయితా పాటను దిద్దుకోలేడు. సందిగ్ధమన్న మాటతో దిద్దుకోగలడు. ఉత్తమ వాగ్గేయకారుని లక్షణాలలో రోషద్వేష పరిత్యాగాన్ని కూడా శార్ఙ్గదేవుడు చేర్చాడు. వ్యాకరణ, ఛందో, అలంకార జ్ఞానాల సరసన ఈ గుణం కూడా నిలవడం గమనార్హం.

ఆ పరిత్యాగం ఆచరణలో ఎంత కష్టమో అన్నమాచార్యుని (1408–1503) సంకీర్తనమొకటి చెబుతుంది. తన పదాల ఛాయలో పదాలు అల్లేవారిని ఆయన అందులో ఘాటుగానే ఎత్తిపొడిచాడు. సొంత సొత్తు చేజారుతున్నదన్న బాధ ఆ కోపంలో ఉంది, దానిని తప్పుపట్టనక్కరలేదు. కాని పరుల ధాతువుకు మాతువు కట్టేవానికి రత్నాకరం కుట్టికారుడని పేరు పెట్టి ఊరుకొన్నది. వచ్చిన వరుసలో కొత్త మాటలు పొదగడమే చాలామందికి పదరచనలో తొలి మెట్టు. తిట్టు ఆ మెట్టుమీద ఉన్నవానిని అక్కడే ఆపుతుంది. పేరు అతడు ఎక్కడ ఉన్నాడో చెబుతుంది.

అదే అన్నమాచార్యుడు సంస్కృతంలో సంకీర్తన లక్షణాన్ని కూడా రచించాడు. దానికి కుమారుడు పెదతిరుమలాచార్యుడు వ్యాఖ్య కూర్చాడు. ఆ రెండూ నేడు అలభ్యాలు. మనుమడు చినతిరుమలాచార్యుడు చేసిన తెలుగు పద్యానువాదమే మిగిలింది. మూడు తరాలు ఒకే లక్షణంపై శ్రమించడాన్ని వంశభక్తితో మాత్రమే వివరించలేము. పదం చెప్పాలనుకొనేవారు పెరిగినప్పుడు వారికి ప్రమాణం తెలుగులో అందవలసి వచ్చిందని భావించడం సమంజసం. ఎత్తిపొడుపు పాటకు ఈ లక్షణగ్రంథమే సరైన జత.

నేటి పదసాహిత్య విమర్శ ఈ పరిభాషను సగమే వాడుకొంటున్నది. తాళ్లపాక రాగిరేకుల మీద సంకీర్తనల తలకట్టున రాగం పేరు ఉంది, స్వరలిపి లేదు. అంటే మిగిలింది మాతువు. ధాతువు పేరుమాత్రంగా ఉంది. అయినా కాగితం మీద పాదాలను కొలిచి, ఇక్కడ లఘువు తక్కువైందనీ, అక్కడ ఛందం తడబడిందనీ తీర్పులు వెలువడుతున్నాయి. గానంలో ఒక అక్షరాన్ని సాగదీస్తే ఆ మాత్ర పూరింపబడవచ్చు. ప్రతి చరణం తర్వాతా పల్లవి తిరిగి రావడం కంటికి పునరుక్తి, చెవికి నిర్మాణం. శ్రుతివిరోధం, కాలవిరోధం వంటి దోషాలు చదివితే తేలేవి కావు. శార్ఙ్గదేవుని కొలతలో ధాతువుదే పైచేయి కాగా, ధాతువు వినిపించని చోట కేవలం మాతువును బట్టి పదకర్తను ఉత్తముడనో మధ్యముడనో నిర్ణయించే అధికారం ఆ పరిభాష విమర్శకునికి ఇవ్వదు. మాతువు వరకు దోషం చెప్పి, అది మాతువు వరకేనని అదే వాక్యంలో పేర్కొనడం ఆ పరిభాషకు కట్టుబడిన పద్ధతి.