పట్టికకును ప్రోగ్రామునకును నడుమ

1970లో అమెరికాలోని ఐ.బి.ఎం. సంస్థలో పనిచేయుచుండిన ఎడ్గర్ కాడ్ ఒక వ్యాసమును ప్రకటించెను. సమాచారమునంతను పట్టికలుగా అమర్చి, వాని సంబంధములను విలువల ద్వారానే తెలుపవచ్చునని అందు ప్రతిపాదించెను. ఆ పట్టికలను ప్రశ్నించుటకై అదే సంస్థలో చాంబర్లిన్, బాయిస్ అనువారు 1974లో వెల్లడించిన భాషయే నేటి ఎస్.క్యూ.ఎల్.

ప్రోగ్రాములు వ్రాయువారి దారి వేరు. నార్వేలో డాల్, నైగార్డ్‌లు రూపొందించిన సిములా-67 భాషనుండి ‘వస్తువు’ అను భావన వ్యాపించెను. వస్తువనగా సమాచారమును, దానితో చేయదగిన పనులను కలిపి కట్టిన మూట. పట్టికలో విద్యార్థి ఒక వరుస. ప్రోగ్రాములో ఒక వస్తువు. ఒకదానిని మరియొకదానిగా మార్చుట విసుగు పుట్టించు చాకిరీ.

పైథాన్ భాషలో ఈ పనికై మైక్ బేయర్ 2006లో ఎస్.క్యూ.ఎల్.ఆల్కెమీ అను లైబ్రరీని వెలువరించెను. ఆల్కెమీ యనగా రసవాదము. పేరెట్లున్నను ఇందు మంత్రమేమియు లేదు. ఇందలి ఉపాయములు పెక్కు మార్టిన్ ఫౌలర్ 2002 నాటి గ్రంథమున వివరించినవే. ఒకే విద్యార్థిని రెండుమార్లు అడిగినను, ఒక సెషన్‌లో ఒకే వస్తువు లభించుట అట్టిది. లేనిచో ఒక ప్రతిలో మార్కులు దిద్దగా, రెండవది పాతదై యుండును; ఏది నిజమో తేలదు.

ఇంతకంటె చిక్కైనది మరియొకటి కలదు. తరగతిలో 40 మంది విద్యార్థులు. పేర్లొక పట్టికలో, మార్కులు వేరొక పట్టికలో ఉన్నవనుకొందము. పేర్లన్నియు తెచ్చుటకు ఒక ప్రశ్న చాలును. తరువాత ఒక్కొక్కరి మార్కులను చూడబోయినపుడెల్ల లైబ్రరీ తెరచాటున ఇంకొక ప్రశ్న పంపును. మొత్తము 41. ఒక్కొక్క ప్రశ్నకు సెకనులో నూరవవంతు పట్టినచో ఇచ్చట ఆలస్యము అంతగా తెలియదు. 4,000 మందికి 40 సెకనులు దాటును. పది పేర్లతో పరీక్షించినపుడు చక్కగా నడచిన ప్రోగ్రాము అసలు పనివేళ చతికిలబడుట ఇందువలననే.

మార్కులు కూడ కావలెనని ముందే తెలుపుట దీనికి విరుగుడు. రెండు పట్టికలను జతపరచి ఒకే ప్రశ్నగా అడుగుట పాత పద్ధతి. అందు ప్రతి మార్కు వెంట విద్యార్థి పేరు మరల మరల వచ్చును. 2017లో వెలువడిన 1.2 కూర్పున ‘సెలెక్టిన్‌లోడ్’ చేరెను. ఇది మొదట పేర్లను, పిదప ఆ విద్యార్థుల సంఖ్యల జాబితా పంపి మార్కులన్నిటిని తెచ్చును. పై తరగతికి రెండే ప్రశ్నలు! అంతకుముందే, 2016లో, ‘రైజ్‌లోడ్’ వచ్చెను. ముందుగా తెప్పించని మార్కులను ముట్టినచో ఇది ప్రశ్న పంపక, తప్పని చెప్పి ఆపివేయును. కఠినమైనను నేర్చుకొనువారికి ఇదే మేలు.

ఎస్.క్యూ.ఎల్.ను దాచుట బేయర్ ఉద్దేశము కాదు. ‘ఎకో’ అను మీటను వేసినచో లైబ్రరీ పంపిన ప్రతి ప్రశ్నయు తెరపై వ్రాయబడును. పై తరగతి ప్రోగ్రామును అట్లు నడపినచో 41 ప్రశ్నలును వరుసగా కనబడును.