గృహ బ్రాడ్‌బ్యాండ్ (టెలిఫోను, కేబుల్ మార్గాలు)

ఇంటిలోని కంప్యూటరుకు వేగవంతమైన అంతర్జాల సౌకర్యాన్ని ఎల్లవేళలా అందుబాటులో ఉంచే విధానాన్ని బ్రాడ్‌బ్యాండ్ అంటారు. భారత ప్రభుత్వం 2004 అక్టోబరులో ప్రకటించిన బ్రాడ్‌బ్యాండ్ విధానం దీనికి సెకనుకు 256 కిలోబిట్ల కనీస వేగాన్ని నిర్ణయించింది. ఈ పరిమితిని 2013లో 512 కిలోబిట్లకు, 2023లో 2 మెగాబిట్లకు పెంచారు. ఆప్టికల్ ఫైబరు ఇళ్ళ దాకా రాకముందు తెలుగు పట్టణాలలో ఈ సౌకర్యం ప్రధానంగా రెండు మార్గాలలో లభించేది. ఒకటి టెలిఫోను సంస్థ వేసిన రాగి తీగ, రెండవది టీవీ కేబుల్ ఆపరేటరు ద్వారా వచ్చే తీగ.

నేపథ్యం

భారతదేశంలో ప్రజలకు అంతర్జాల సేవ 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ లిమిటెడ్ ద్వారా మొదలైంది. 1998లో ప్రైవేటు సంస్థలకు కూడా అనుమతి లభించింది. అప్పటి డయలప్ పద్ధతిలో గరిష్ఠ వేగం సెకనుకు 56 కిలోబిట్లు మాత్రమే. అంతర్జాలం వాడుతున్నంత సేపు ఫోను పనిచేసేది కాదు, పైగా కాల్ చార్జీలు అదనం.

టెలిఫోను మార్గం

మాట్లాడటానికి టెలిఫోను తీగలో దాదాపు 4 కిలోహెర్ట్‌జ్ లోపు పౌనఃపున్యాలు చాలు. అంతకు పైనున్న ఖాళీని సమాచారానికి వాడుకొనే పద్ధతి డిఎస్‌ఎల్. స్ప్లిటరు అనే చిన్న పెట్టె మాటను, సమాచారాన్ని వేరు చేస్తుంది. అందువల్ల ఫోను, అంతర్జాలం ఒకేసారి పనిచేస్తాయి. దీనిలో ఎక్కువగా వాడుకలోకి వచ్చిన ఎడిఎస్‌ఎల్2+ రకంలో వేగం సిద్ధాంతరీత్యా 24 మెగాబిట్ల వరకు ఉంటుంది.

అయితే ఎక్స్ఛేంజి నుండి దూరం పెరిగేకొద్దీ సంకేతం బలహీనపడి వేగం తగ్గుతుంది. నాలుగైదు కిలోమీటర్లు దాటితే సేవ అందడమే కష్టం. ఇక్కడ లెక్కించవలసినది తీగ పొడవు. ఎక్స్ఛేంజి కనుచూపు మేరలోనే ఉన్నా, తీగ వీధులన్నీ చుట్టి వస్తే ఫలితం దూరపు ఇంటిదే. వానాకాలంలో కేబుల్ అతుకులలోకి నీరు చేరి, ఫోనులో గరగర శబ్దం, దానితోపాటు మోడెము మాటిమాటికీ తెగిపోవడం సాధారణంగా కనిపించేవి.

భారత సంచార్ నిగమ్ లిమిటెడ్ (బిఎస్ఎన్ఎల్) 2005లో ఈ సేవను ప్రారంభించింది. కొన్ని పథకాలలో డౌన్‌లోడుకు నెలవారీ పరిమితి విధించి, రాత్రి 2 గంటల నుండి ఉదయం 8 గంటల వరకు మాత్రం లెక్కలోకి తీసుకునేవారు కాదు. 256 కిలోబిట్లంటే సెకనుకు 32 కిలోబైట్లే. ఆ వేగంతో ఆరు గంటలలో దిగేది సుమారు 690 మెగాబైట్లు, అంటే దాదాపు ఒక సీడీ నిండేంత. ప్రకటనలలోని బిట్లను బైట్లుగా భావించి నిరాశపడినవారు తక్కువేమీ కాదు.

కేబుల్ మార్గం

అమెరికా వంటి దేశాలలో టీవీ కోయాక్సియల్ కేబుల్‌లోనే కొన్ని ఛానళ్ళను సమాచారానికి కేటాయిస్తారు. దీని ప్రమాణమైన డాక్సిస్ 1997లో వెలువడింది. ఒక ప్రాంతంలోని ఇళ్ళన్నీ అదే సామర్థ్యాన్ని పంచుకుంటాయి కాబట్టి సాయంత్రాలు వేగం తగ్గుతుంది. డిఎస్‌ఎల్‌లో కూడా ఎక్స్ఛేంజి దాటిన తరువాత పంపకం ఉంటుంది, కాని ఇంటి తీగ మాత్రం ఆ ఇంటిదే.

భారతదేశంలో పరిస్థితి వేరు. ఇక్కడి కేబుల్ టీవీ వ్యవస్థలో చాలాభాగం సంకేతాన్ని ఇళ్ళవైపుకు మాత్రమే పంపగలిగేది, తిరుగు మార్గం లేదు. అందువల్ల చాలాచోట్ల ఆపరేటర్లు టీవీ తీగకు తోడుగా, ఆఫీసులలో వాడే ఈథర్నెట్ తీగను మేడల మీదుగా లాగారు. కాబట్టి "కేబుల్ ఇంటర్నెట్" అని పిలిచినదానిలో చాలాభాగం సాంకేతికంగా కేబుల్ ఇంటర్నెట్ కానే కాదు. ఈథర్నెట్ తీగ ఒక విడతకు 100 మీటర్ల వరకే పనిచేస్తుంది గనుక మధ్యలో ఎవరో ఒకరి ఇంట్లో స్విచ్ పెట్టవలసి వచ్చేది. ఆ ఇంట్లో కరెంటు పోతే దాని తరువాతి ఇళ్ళన్నింటికీ సేవ ఆగిపోయేది. పిడుగులు పడినప్పుడు ఈ స్విచ్‌లు దెబ్బతినేవి.

ఈ ఏర్పాటుకు విధానపరమైన కారణం కూడా ఉంది. తన రాగి తీగలను ఇతర సంస్థలకు అద్దెకు ఇవ్వాలన్న నిర్బంధాన్ని 2004 విధానం బిఎస్ఎన్ఎల్‌పై పెట్టలేదు. ఇంటి దాకా తీగ లేని సిఫీ వంటి సంస్థలకు కేబుల్ ఆపరేటరే దారి అయ్యాడు. ఆ పోటీ లేకపోతే చాలా వీధులలో వినియోగదారునికి ఎంపిక అనేదే ఉండేది కాదు.

ఎంపికలో తేడాలు

ప్రకటించిన వేగం కంటే మరమ్మతు ఎవరు చేస్తారన్నది ముఖ్యంగా ఉండేది. టెలిఫోను సంస్థలో ఫిర్యాదుకు సంఖ్య, పై అధికారి, రాతపూర్వకమైన పద్ధతి ఉంటాయి, కాని లైన్‌మన్ రాక ఆలస్యం కావచ్చు. కేబుల్ కుర్రవాడు సాధారణంగా అదే పేటవాడు, పిలిస్తే ఆ పూటే రాగలడు. అయితే ఆపరేటరు మారినా, సంస్థతో ఒప్పందం చెడినా కట్టిన డబ్బుకు జవాబుదారు దొరకడం కష్టం. ల్యాండ్‌లైన్ ఉన్న ఇంటికి డిఎస్‌ఎల్, అది లేని అద్దె ఇంటికి కేబుల్ అనుకూలంగా ఉండేవి.

ఫైబరు వచ్చిన తరువాత

2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ పథకంలో ఫైబరును విద్యుత్ స్తంభాల మీదుగా వేసి, ఇళ్ళకు స్థానిక కేబుల్ ఆపరేటర్ల ద్వారా అందించారు. 15 మెగాబిట్ల అంతర్జాలం, టీవీ, టెలిఫోను కలిపి ప్రారంభ ధర నెలకు 149 రూపాయలు. బిఎస్ఎన్ఎల్ ఫైబరు కనెక్షన్లను కూడా చాలాచోట్ల కేబుల్ ఆపరేటర్లే భాగస్వాములుగా ఇస్తున్నారు. ఫైబరులో దూరం వల్ల వేగం తగ్గే ఇబ్బంది దాదాపు తొలగింది. పంపకం మాత్రం ఉంది, సాధారణంగా ఒకే ఫైబరును 32 లేదా 64 కనెక్షన్లకు విభజిస్తారు.