క్వాషియోర్కర్: తల్లులు పెట్టిన పేరు

పశ్చిమ ఆఫ్రికాలోని నేటి ఘనా దేశమునకు పూర్వము గోల్డ్ కోస్టు అని పేరు. 1929 లో సిసిలీ విలియమ్స్ అను వైద్యురాలు అక్కడికి వెళ్ళి, ఆక్రా నగరములో తల్లులకు, శిశువులకు వైద్యము చేయసాగెను. ఆమె చూచిన శిశువులలో కొందరికి కాళ్ళు చేతులు వాచి, చర్మము నల్లబారి పొరలుగా ఊడుచుండెను. వెండ్రుకలు వన్నె తగ్గుచుండెను. వాపువలన బిడ్డ బొద్దుగా కనిపించుటచే ఇది ఆహారలోపమని పోల్చుకొనుట కష్టము. పలువురు బిడ్డలు మరణించుచుండిరి.

ఈ వ్యాధిని గూర్చి ఆమె 1933 లో ఒక వ్యాసము ప్రకటించెను. ఇది పెల్లాగ్రాయే యని కొందరు వైద్యులు వాదించిరి. మొక్కజొన్న ముఖ్యాహారముగా గలవారికి పెల్లాగ్రా వచ్చుట అప్పటికే తెలిసిన విషయము. విలియమ్స్ అంగీకరింపలేదు. 1935 లో 'లాన్సెట్' పత్రికలో ఈ వ్యాధిని స్థానికుల మాటతోనే 'క్వాషియోర్కర్' అని పేర్కొనెను. తరువాతి బిడ్డ పుట్టగా తన స్థానము కోల్పోయిన బిడ్డకు వచ్చు జబ్బు అని గా భాషలో ఆ మాటకు అర్థము.

కారణములో సగము ఆ పేరులోనే కలదు. తల్లి మరల గర్భవతి కాగానే పెద్దబిడ్డకు చనుబాలు మాన్పింతురు. బదులుగా మొక్కజొన్న జావ పెట్టుదురు. దానితో కడుపు నిండును గాని, పెరుగుదలకు వలసిన మాంసకృత్తులు చాలవు. తల్లియు, ఒక బిడ్డకు పాలిచ్చి తేరుకొనకమునుపే మరియొక బిడ్డను మోయవలసివచ్చును. కావున ఇది తల్లీబిడ్డల ఉమ్మడి కొరత.

మాంసకృత్తుల లోపమొక్కటే ఈ వ్యాధికి మూలమను భావన 1950 తరువాత ప్రబలెను. దానిని ప్రశ్నించినవారిలో డాక్టరు సి. గోపాలన్ ముఖ్యుడు. కూనూరులోని పోషకాహార పరిశోధనశాల 1958 లో హైదరాబాదునకు తరలివచ్చెను. అచ్చటి పరిశీలనల ఫలితములను ఆయన 1968 లో వెల్లడించెను. క్వాషియోర్కర్‌తో వాచిన బిడ్డలును, మరాస్మస్‌తో ఎండి శుష్కించిన బిడ్డలును తినుచుండినది దాదాపు ఒకే విధమైన ఆహారము! అన్నము, పప్పు తిను పేద కుటుంబములలో లోపించినది ముఖ్యముగా ఆహార పరిమాణమే. ఆ తిండియే చాలినంత దొరికినచో మాంసకృత్తులును చాలవరకు సమకూరును.

అట్లైన కొందరికే వాపు ఏల వచ్చును? దీనికి పూర్తి సమాధానము నేటికిని లభింపలేదు. మలావీ దేశపు కవలపిల్లలపై జరిగి, 2013 లో ప్రకటింపబడిన పరిశోధనలో, ప్రేగులలోని సూక్ష్మజీవులకును ఇందు పాత్ర కలదని తేలెను.

గుర్తించు విధానము మాత్రము సులభము. బిడ్డ రెండు పాదములపైనను బొటనవ్రేలితో కొన్ని క్షణములు నొక్కి తీసినపుడు గుంట నిలిచినచో, ఆ బొద్దుతనము ఆరోగ్యము కాదు. వెంటనే వైద్యునికి చూపవలెను.