అడంగల్‌లో రెండో పేరు

కుప్పం ప్రాంతపు గుడుపల్లె మండలంలో రైతుకు సర్కారు సాయం అందిన తీరు చూస్తే, పథకాల పేర్లు ఎన్ని మారినా సొమ్ము మాత్రం సేద్యాన్ని వదిలి పట్టా వెంటే నడిచిందని తెలుస్తుంది. ఇది నిన్న మొన్నటి సంగతి కాదు. 1876-78 కరువు మద్రాసు రాజధానిని కుంగదీశాక తెల్లదొరలు రెండు తక్కావీ (రైతు రుణ) చట్టాలు తెచ్చారు. 1883 నాటిది బావులకూ కట్టలకూ, 1884 నాటిది విత్తనాలకూ ఎద్దులకూ అప్పులిచ్చింది. అప్పుకు హామీ కావాలి, పల్లెలో హామీ అంటే ముఖ్యంగా భూమే. అప్పట్లో కుప్పం ప్రాంతం కంగుంది జమీందారీ కింద ఉండేది. 1908 ఎస్టేట్ల భూమి చట్టం ఇక్కడి రైతుకు సాగు హక్కును గట్టిపరిచింది. 1948 రద్దు చట్టంతో జమీందారు అడ్డు తొలగి రైతువారీ పట్టాలకు దారి ఏర్పడింది. అది చిన్న గెలుపు కాదు. కానీ హక్కుకు గుర్తుగా వచ్చిన ఆ కాగితమే తర్వాత ప్రతి సాయానికీ గడపై కూర్చుంది.

1990లో పదివేల రూపాయల దాకా రుణమాఫీ, 2008లో రెండు హెక్టార్లలోపు రైతులకు పూర్తి మాఫీ, 2014 తర్వాత రాష్ట్ర మాఫీ, అన్నీ బ్యాంకు రుణంతో ముడిపడ్డవే. పట్టాదారు పాసుబుక్కు లేనివాడికి ఆ రుణం దొరకడమే కష్టం, అతని అప్పు వడ్డీవ్యాపారి దగ్గర ఉంటుంది, దానికి ఈ మాఫీలు వర్తించలేదు. తొంభైల్లో కుప్పంలో ఇజ్రాయెల్ పద్ధతి సేద్యం చేసి చూపారు, 2003లో రాష్ట్రం సూక్ష్మసేద్య పథకం మొదలుపెట్టింది. బొట్టుబొట్టుగా నీరిచ్చే డ్రిప్పు ఈ మెట్ట నేలకు నిజంగా వరమే, అయితే రాయితీ పైపులు చేరేది సొంత పొలమూ బోరూ ఉన్న చోటికే. 2019లో కేంద్రం తెచ్చిన ఏడాదికి 6,000 రూపాయల సాయం ఈ లెక్కను మరింత బిగించింది. 2019 ఫిబ్రవరి 1 నాటికి రికార్డులో పేరున్న కుటుంబానికే అర్హత.

కౌలు గొడవ కృష్ణా, గోదావరి డెల్టాలది, ఇక్కడ ఎవరి చెక్క వారే దున్నుకుంటారు కదా అని కొందరంటారు. ఇందులో కొంత నిజముంది, డెల్టాలంత కౌలు ఇక్కడ లేదు. అయినా బెంగళూరు రైలెక్కి పనులకు పోయే ఇళ్ల పొలాలను ఎవరో ఒకరు గుత్తకో కోరుకో చేస్తూనే ఉన్నారు. తాత పేరిటే ఉండిపోయిన పట్టా మీద మనవలు వేరుశనగ వేస్తున్నారు. వీళ్ల మధ్య పత్రాలుండవు, మాటే ఒప్పందం.

పట్టా వదిలేస్తే దొంగ లబ్ధిదారులు చొరబడతారన్నది ఇంకా గట్టి అభ్యంతరం. దాన్ని తేలిగ్గా తీసిపారేయలేం. కానీ ఊరి పొలాల, పంటల లెక్క రాసే అడంగల్ తెరిచి చూడండి. సర్వే నంబరు పక్కన పట్టాదారు పేరు, దాని తర్వాత అనుభవదారు పేరు, ఆపై ఏ పంట, ఎంత విస్తీర్ణం. దున్నేవాడెవరో రాసిపెట్టేందుకు రెవెన్యూ శాఖ తరతరాలుగా ఒక గడి ఉంచింది, ఇప్పుడు సాగులో ఉన్న పంటను రాసే ఈ-క్రాప్ నమోదూ ఉంది. లోపం ఆ గడిని నిజాయితీగా నింపకపోవడంలో ఉంది. 2011 చట్టం కౌలుదారుకు రుణ అర్హత కార్డు ఇచ్చింది. 2019 పంట సాగుదారుల చట్టం మాత్రం యజమాని సంతకం కావాలంది. పొలం చేజారుతుందన్న భయంతో యజమాని ఆ సంతకం పెట్టడు. ఆ ఏడాదే వచ్చిన రాష్ట్ర పథకం రైతు భరోసా ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ కౌలుదారులకు 13,500 రూపాయలు ఇస్తామంది, అది మంచి అడుగే, కానీ అదీ ఆ సంతకం దగ్గరే చిక్కుకుంది. 2025 ఆగస్టు 2న రాష్ట్ర పథకం అన్నదాత సుఖీభవ తొలి విడతగా కేంద్రం వాటాతో కలిపి 7,000 రూపాయలు జమయ్యాయి. ఆ కేంద్రం వాటా భూమిలేని సాగుదారుకు నేటికీ వర్తించదు. యజమాని హక్కుకు భంగం రాదని చట్టంలోనే రాసి, సంతకం అక్కర్లేకుండా గ్రామసభలో విచారించి అనుభవదారు గడి నింపితే, రెండో పేరుకీ సొమ్ము చేరుతుంది.