అల్ఫోన్సో డేవిస్: శరణార్థి శిబిరంలో పుట్టాడు.. కెనడా కెప్టెన్ అయ్యాడు! ఈ స్పీడ్ స్టార్ కథేంటో తెలుసా?

ఫుట్‌బాల్ రీల్స్ చూసే అలవాటుంటే ఈ క్లిప్ మీ ఫోన్‌లో ఒక్కసారైనా వచ్చే ఉంటుంది. ఎడమ వైపు బంతి అందుకున్న ఓ కుర్రాడు బార్సిలోనా ఆటగాళ్లను దాటేసి, గోల్ లైన్ వెంబడి లోపలికి దూసుకొచ్చి, బంతిని తోటి ఆటగాడి కాళ్ల ముందు పెడతాడు. అది 2020 ఆగస్టు 14న లిస్బన్‌లో జరిగిన చాంపియన్స్ లీగ్ క్వార్టర్ ఫైనల్. బయర్న్ మ్యూనిక్ 8-2తో గెలిచిన మ్యాచ్. గోల్ కొట్టింది కిమ్మిచ్. జనం మళ్లీ మళ్లీ వెనక్కి తిప్పి చూసింది మాత్రం ఆ పరుగునే!

ఆ కుర్రాడే అల్ఫోన్సో డేవిస్. అప్పటికి వయసు 19 ఏళ్లు. అసలు ఇతనెవరు? ఎక్కడి నుంచి వచ్చాడు? పూర్తి వివరాలు చూద్దాం.

పుట్టింది శిబిరంలో..

డేవిస్ తల్లిదండ్రులది పశ్చిమ ఆఫ్రికాలోని లైబీరియా. 1999లో అక్కడ రెండో అంతర్యుద్ధం మొదలైంది. ఆయుధం పట్టాలి, లేదా పారిపోవాలి.. ఇదీ పరిస్థితి. తుపాకీ పట్టడం ఇష్టం లేక ఆ దంపతులు రాజధాని మన్రోవియా వదిలి ఘనా చేరుకున్నారు. తిండి కోసం శవాలను దాటుకుంటూ వెళ్లాల్సి వచ్చేదని అతడి తల్లి ఆ తర్వాత ఓ సందర్భంలో చెప్పారు.

ఘనా రాజధాని అక్రాకు పశ్చిమాన ఉన్న బుదుబురం శరణార్థి శిబిరంలో 2000 నవంబర్ 2న డేవిస్ పుట్టాడు. 1990లో లైబీరియన్ల కోసమే ఏర్పాటైన శిబిరం అది. తాగే నీళ్ల నుంచి తిండి దాకా అన్నింటికీ ఇబ్బందే. పునరావాస కార్యక్రమం కింద 2005లో ఆ కుటుంబానికి కెనడా వెళ్లే అవకాశం వచ్చింది. అప్పటికి డేవిస్‌కు ఐదేళ్లు. మొదట ఒంటారియోలోని విండ్సర్, మరుసటి ఏడాది అల్బెర్టాలోని ఎడ్మంటన్.. అక్కడే స్థిరపడ్డారు.

ఫీజు కట్టలేని పిల్లల ఆట

కెనడా చేరగానే కష్టాలు తీరిపోలేదు. తల్లిదండ్రులిద్దరూ రెక్కాడితేగానీ డొక్కాడని పరిస్థితి. వాళ్లు పనికెళ్తే చెల్లిని, తమ్ముడిని చూసుకునే బాధ్యత డేవిస్‌దే. డైపర్లు మార్చడం, తినిపించడం అన్నీ చేసేవాడు.

ఇక్కడో విషయం గమనించాలి. కెనడాలో పిల్లలు క్లబ్‌లో ఫుట్‌బాల్ ఆడాలంటే రిజిస్ట్రేషన్ ఫీజు, కిట్, మ్యాచ్‌లకు తీసుకెళ్లడానికి కారు.. అన్నీ ఖర్చే. ఇవేవీ లేని పిల్లల కోసం ఎడ్మంటన్‌లో 'ఫ్రీ ఫుటీ' అనే కార్యక్రమం నడిచేది. స్కూల్ అయిపోయాక ఆట, కిట్, రవాణా అన్నీ ఉచితం. డేవిస్ టాలెంట్ మొదట బయటపడింది అక్కడే. ఆ తర్వాత స్థానిక క్లబ్ ఎడ్మంటన్ స్ట్రైకర్స్‌లో చేరాడు.

14 ఏళ్లకు వాంకూవర్ వైట్‌క్యాప్స్ అకాడమీ నుంచి పిలుపొచ్చింది. అంత చిన్న వయసులో ఇల్లు వదిలి పంపడానికి తల్లి మొదట ఒప్పుకోలేదు. దారి తప్పనని మాటిచ్చాకే బయల్దేరాడు.

15 ఏళ్లకే ప్రొఫెషనల్

ఇక అక్కడి నుంచి వెనక్కి తిరిగి చూడలేదు. 2016 జూలై 16న అమెరికా మేజర్ లీగ్ సాకర్, అంటే ఎంఎల్ఎస్‌లో అరంగేట్రం చేశాడు. వయసు 15 ఏళ్ల 8 నెలలే. అప్పటికి ఆ లీగ్ చరిత్రలో రెండో అతి పిన్న వయస్కుడు. మొదటి వ్యక్తి ఫ్రెడ్డీ అడు.

కానీ దేశం తరఫున ఆడాలంటే పౌరసత్వం ఉండాలి కదా! అది 2017 జూన్ 6న దక్కింది. సరిగ్గా వారానికే, జూన్ 13న కురసావ్‌పై కెనడా జెర్సీ వేసుకున్నాడు. ఆ జూలైలో జరిగిన గోల్డ్ కప్‌లో 3 గోల్స్ కొట్టి గోల్డెన్ బూట్ అందుకున్నాడు. అప్పటికి ఇంకా 16 ఏళ్లే!

2018 జూన్‌లో మాస్కోలో ఫిఫా కాంగ్రెస్ జరిగింది. 2026 ప్రపంచకప్ కోసం కెనడా, అమెరికా, మెక్సికో ఉమ్మడిగా పోటీపడ్డాయి. ఆ వేదికపై మాట్లాడినవారిలో 17 ఏళ్ల డేవిస్ కూడా ఒకడు. తాను శరణార్థి శిబిరంలో పుట్టానని, తన కుటుంబాన్ని కెనడా అక్కున చేర్చుకుందని ప్రతినిధులకు చెప్పాడు. ఓటింగ్‌లో మొరాకోపై 134-65 తేడాతో ఉమ్మడి బిడ్ గెలిచింది.

బయర్న్‌లో రోడ్‌రన్నర్

2018 జూలైలోనే బయర్న్ మ్యూనిక్ డీల్ ఖరారైంది. బోనస్‌లతో కలిపి 2.2 కోట్ల డాలర్ల దాకా వెళ్లే ఒప్పందం. అప్పట్లో ఎంఎల్ఎస్‌లో అదే రికార్డు. అయితే ఫిఫా రూల్స్ ప్రకారం 18 ఏళ్లు నిండని ఆటగాళ్లు దేశం మారడం సాధారణంగా కుదరదు. అందుకే 2019 జనవరిలో బయర్న్‌లో అధికారికంగా చేరాడు.

వెళ్లింది వింగర్‌గా.. స్టార్ అయ్యింది లెఫ్ట్ బ్యాక్‌గా! 2019-20 సీజన్‌లో డిఫెండర్లు హెర్నాండెజ్, జూలె గాయపడ్డారు. లెఫ్ట్ బ్యాక్ అలాబాను మధ్యలోకి జరపడంతో ఆ స్థానం ఖాళీ అయింది. అక్కడ డేవిస్‌ను దించారు. ముందుకెళ్లి దాడి చేసి, బంతి పోతే అంతే వేగంతో వెనక్కొచ్చి అడ్డుకోవడం అతడి స్టైల్. 2020 జూన్‌లో వెర్డర్ బ్రెమెన్‌పై గంటకు 36.51 కి.మీ. వేగంతో పరుగెత్తి అప్పటికి బుండెస్లిగా రికార్డు నమోదు చేశాడు. ఆ వేగం చూసే థామస్ ముల్లర్ 'రోడ్‌రన్నర్' అని పేరు పెట్టాడు.

ఆ సీజన్‌లో బయర్న్ బుండెస్లిగా, జర్మన్ కప్, చాంపియన్స్ లీగ్ మూడూ గెలిచింది. కెనడా పురుషుల జట్టు ఆటగాళ్లలో చాంపియన్స్ లీగ్ అందుకున్న తొలి వ్యక్తి డేవిసే.

గుండె సమస్య.. ప్రపంచకప్ గోల్

2022 జనవరిలో పెద్ద దెబ్బ తగిలింది. కరోనా సోకిన తర్వాత చేసిన పరీక్షల్లో మయోకార్డైటిస్, అంటే గుండె కండరాల వాపు బయటపడింది. ఏప్రిల్ దాకా మైదానానికి దూరం. సరిగ్గా ఆ టైమ్‌లోనే, మార్చి 27న జమైకాపై 4-0తో గెలిచిన కెనడా 1986 తర్వాత మళ్లీ ప్రపంచకప్‌కు అర్హత సాధించింది. ఆ మ్యాచ్‌ను ఇంట్లో చూస్తూ డేవిస్ కన్నీళ్లు పెట్టుకున్న వీడియో తెగ వైరల్ అయింది.

ఖతార్‌లో తొలి మ్యాచ్ బెల్జియంతో. డేవిస్ పెనాల్టీని కీపర్ కోర్టువా ఆపేశాడు. కెనడా 0-1తో ఓడింది. నాలుగు రోజులకే, నవంబర్ 27న క్రొయేషియాపై రెండో నిమిషంలోనే హెడర్‌తో గోల్! పురుషుల ప్రపంచకప్‌లో కెనడాకు అదే తొలి గోల్. 1986లో ఆ జట్టు ఒక్క గోల్ కూడా చేయలేదు మరి. చివరికి 1-4తో ఓడినా ఆ గోల్ చరిత్రలో నిలిచిపోయింది.

ఆ మ్యాచ్‌లో ఇంకో విశేషం ఉంది. క్రొయేషియా కెప్టెన్ మోద్రిచ్ కూడా శరణార్థిగా పెరిగినవాడే. 1991లో సెర్బ్ బలగాలు అతడి తాతను చంపేశాక కుటుంబం జదార్‌కు పారిపోయి హోటల్‌లో తలదాచుకుంది. ఇక కెనడా గోల్ కీపర్ బోర్యాన్ ప్రస్తుత క్రొయేషియాలోని క్నిన్‌లో సెర్బ్ కుటుంబంలో పుట్టాడు. 1995లో వాళ్లూ ఇల్లు వదిలి పారిపోయారు. ఒకే యుద్ధం.. రెండు వైపులా బాధితులు. ఆ రోజు క్రొయేషియా అభిమానులు కొందరు బోర్యాన్‌ను ఆ పాత గాయం గుర్తుచేసే బ్యానర్లతో ఎగతాళి చేశారు. ఫిఫా ఆ దేశ సమాఖ్యకు జరిమానా వేసింది.

కెప్టెన్సీ.. మళ్లీ గాయం

2024 కోపా అమెరికాలో డేవిస్ కెప్టెన్సీలో కెనడా సెమీస్ చేరి, నాలుగో స్థానంలో నిలిచింది. 2025 ఫిబ్రవరిలో బయర్న్‌తో 2030 దాకా కాంట్రాక్ట్ పొడిగించుకున్నాడు. నెల తిరిగేసరికే, మార్చి 23న అమెరికాతో మ్యాచ్‌లో కుడి మోకాలి ఏసీఎల్ లిగమెంట్ తెగిపోయింది. అతడికి వైద్య పరీక్షలు చేయించిన తీరుపై బయర్న్, కెనడా సాకర్ మధ్య మాటల యుద్ధం కూడా నడిచింది. ఆపరేషన్ తర్వాత డిసెంబర్‌లో మళ్లీ బరిలోకి దిగాడు.

ఒక్క చూపులో డేవిస్

పుట్టింది: 2000 నవంబర్ 2, బుదుబురం, ఘనా
ఎంఎల్ఎస్ అరంగేట్రం: 2016
కెనడా పౌరసత్వం, తొలి అంతర్జాతీయ మ్యాచ్: 2017 జూన్
బయర్న్‌లో చేరిక: 2019 జనవరి
చాంపియన్స్ లీగ్ విజేత: 2020
కెనడా తొలి ప్రపంచకప్ గోల్: 2022 నవంబర్ 27

2021 మార్చిలో ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ అతడిని గుడ్‌విల్ అంబాసిడర్‌గా నియమించింది. ఆ హోదా అందుకున్న తొలి ఫుట్‌బాలర్ ఇతడే. శిబిరాల్లో పెరిగే పిల్లలకు ఆట, చదువు రెండూ అందాలన్నదే అతడి ప్రచారం. అందులో అర్థముంది. ఎడ్మంటన్‌లో ఆ ఉచిత కోచింగ్ లేకపోయి ఉంటే ఈ స్పీడ్ స్టార్ సంగతి మనకు తెలిసేదే కాదేమో!